మౌనమా, మట్టా, పాటా: మనసు గాయానికి ఏ దారి ఎవరికి?

నాన్న 2021 మే నెలలో పోయారు. ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకువెళ్లారు. పాడె లేదు, భుజం పట్టిన నలుగురూ లేరు. దూరం నుంచి చేతులు జోడించి ఇంటికి వచ్చేశాం. మూడు నెలలు గడిచినా నేను కుదుటపడలేదని చూసి తెలిసినవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. ఆఫీసులో ఒకాయన మౌన శిబిరానికి వెళ్లమన్నారు. మేనత్త భజనకు రమ్మంది. స్నేహితుడు బొమ్మలు వేయమన్నాడు, చెల్లెలు డైరీ రాయమంది, డాక్టరుగారు థెరపిస్టు పేరు చీటీ మీద రాసిచ్చారు. ఒక్కటి కూడా చెడ్డ సలహా కాదు. ఏది ముందు, ఏది తర్వాత, నా స్థితిలో ఉన్న మనిషి దేని జోలికి వెళ్లకూడదు అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను తప్పు వరుసలో మొదలుపెట్టి చాలా నెలలు పోగొట్టుకున్నాను. హైదరాబాద్‌లో ఉంటూ ఇలాంటి సలహాల మధ్య నలుగుతున్నవారికి ఆ నెలలు మిగలాలని ఈ పోలిక రాస్తున్నాను.

మైండ్‌ఫుల్‌నెస్‌కు ఇక్కడ ఎరుక అనే మాట వాడుతున్నాను. పాళీలో దాన్ని సతి అన్నారు, సంస్కృతంలో స్మృతి. జరుగుతున్నదాన్ని జరుగుతుండగానే గమనించడానికి మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న మాట ఎరుక.

అన్నిటికంటే ముందు ఒక విషయం. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నా, రోజుల తరబడి నిద్ర లేకపోయినా, ఎవరూ లేని చోట గొంతులు వినిపిస్తున్నా ఈ పోలికను పక్కన పెట్టి 14416కు ఫోను చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి వెళ్లడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. కాలు విరిగితే ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లమా?

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది: గాయం ఎంత పచ్చిగా ఉంది? ఎన్ని నెలలయిందన్న లెక్కతో ఇది తేలదు. కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు కూర్చుని చూడండి. బాధ వచ్చి, కాసేపు ఉండి, కొంచెం తగ్గితే గాయం మానుతోందని అర్థం. గుండె దడదడలాడి, ఆ దృశ్యమే మళ్లీ మళ్లీ కళ్ల ముందు ఆడుతుంటే గాయం ఇంకా పచ్చిగానే ఉంది. అప్పుడు కళ్లు మూసుకునే సాధనలు కొంతకాలం వద్దు.

రెండోది, మాట వస్తోందా? కొందరికి బాధ చెప్పుకుంటే తేలికవుతుంది. కొందరికి గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. రెండో రకంవారిని రాయమనడం, చెప్పమనడం దాదాపు హింసే.

మూడోది, ఇది మీ ఒక్కరి బాధా, నలుగురిదా? విడాకులు, ఉద్యోగం పోవడం, చిన్ననాటి దెబ్బ చాలావరకు ఒక్కరి బాధలు. వరదలో బస్తీ మునిగితే, ఒకే ఏడాదిలో ఒక అపార్ట్‌మెంటులో ఆరుగురు పోతే అది అందరి బాధ. నలుగురి బాధను ఎవరి గదిలో వాళ్లు తలుపు మూసుకుని మాన్పుకోవడం చాలా కష్టం. ఈ మూడో ప్రశ్న నాకు ఎవరూ వేయలేదు, నేనూ వేసుకోలేదు.

ఇక దూరం, డబ్బు, సమయం. దూరాన్ని తేలికగా తీసుకోకండి. ఉప్పల్‌లో ఉండి గచ్చిబౌలిలో సాయంత్రం క్లాసులో చేరితే, క్లాసు ఇచ్చిన ప్రశాంతతను తిరుగు ప్రయాణంలో ట్రాఫిక్ తీసేసుకుంటుంది. కాస్త తక్కువ స్థాయిదైనా ఇంటికి దగ్గరలో ఉన్నదే మంచిది. వారం వారం వెళ్లగలిగితేనే దేని ఫలితమైనా.

| దారి | గాయం పచ్చిగా ఉంటే | మాట రానివారికి | తోడు | ఖర్చు | సమయం |
|---|---|---|---|---|---|
| పది రోజుల మౌన శిబిరం | ఇప్పుడు వద్దు | ఇబ్బంది లేదు | మనుషులుంటారు, మాట ఉండదు | ఫీజు లేదు | ఏకధాటిగా 10 రోజులు |
| ఎనిమిది వారాల ఎరుక కోర్సు | నేర్పేవారికి ముందే చెప్పి | పరవాలేదు | చిన్న బృందం | ఫీజు ఉంటుంది | వారానికి సుమారు రెండున్నర గంటలు, రోజూ ఇంట్లో సాధన |
| ముగ్గు, మట్టి, బొమ్మ | మంచిది | చాలా మంచిది | ఒంటరిగానైనా, బృందంలోనైనా | తక్కువ | రోజుకు అరగంట చాలు |
| రాత | కొంత ఆగాలి | కష్టం | ఎవరూ ఉండరు | కాగితం, కలం | వరుసగా 4 రోజులు, 15 నిమిషాల చొప్పున |
| ఆర్ట్ థెరపిస్టు | మంచిది | చాలా మంచిది | శిక్షణ పొందిన ఒకరు | ఎక్కువ | వారానికోసారి, కొన్ని నెలలు |
| పాట, బతుకమ్మ, గోడ బొమ్మ | మెల్లగా, అంచున నిలబడి | మంచిది | నలుగురూ | దాదాపు లేదు | పండుగను, బృందాన్ని బట్టి |

## పది రోజుల మౌనం

హైదరాబాద్‌లో ధ్యానం అనగానే చాలామంది మొదట చెప్పేది ధమ్మఖేత్త. నాగార్జునసాగర్ రోడ్డులో, వనస్థలిపురం దాటాక ఉంటుంది. ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకా గారి పద్ధతిలో విపశ్యన అనే ధ్యానం నేర్పే ఈ కేంద్రం 1976 నుంచి నడుస్తోంది. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. రోజుకు సుమారు పది గంటలు కూర్చోవాలి. మొదటి మూడు రోజులు శ్వాసను గమనించడం, నాలుగో రోజు నుంచి శరీరంలో కలిగే స్పందనలను గమనించడం. పదో రోజు వరకు ఎవరితోనూ మాట ఉండదు. ఫీజు తీసుకోరు, కోర్సు పూర్తి చేసినవారి విరాళాలతో నడుస్తుంది.

కళతో పోల్చేటప్పుడు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ పది రోజులూ ఫోను మాత్రమే కాదు, పుస్తకం, కలం, పాట కూడా ఉండవు. ఏదైనా పైకి వస్తే దాన్ని గీయడానికీ రాయడానికీ వీలు లేదు, చూస్తూ కూర్చోవాలి. ఆ పద్ధతి బలం అంతా అందులోనే ఉంది. కోపం, అసూయ, ఏళ్ల తరబడి పేరుకున్న విసుగు వంటివాటితో పెనుగులాడుతున్నవారికి, నిద్ర, ఆకలి సరిగ్గా ఉన్నవారికి ఇంతకంటే లోతైన సాధన నగరంలో దొరకదని నా నమ్మకం. నాకు తెలిసినవారిలో అక్కడి నుంచి మారిన మనుషులుగా తిరిగి వచ్చినవారు ఉన్నారు.

పచ్చి గాయంతో ఉన్నవారి సంగతి వేరు. నా అనుభవం చెబుతాను. నేను వెళ్లింది నగరం బయట జరిగిన వేరొక శిబిరం, మూడు రోజులదే. రెండో రోజు మధ్యాహ్నం కళ్లు మూయగానే ఆసుపత్రిలో ఆక్సిజన్ యంత్రం చేసిన బుసబుస శబ్దం చెవుల్లో మొదలైంది. ఒళ్లంతా చెమటలు పట్టాయి. నిర్వాహకులకు చెబితే గమనిస్తూ ఉండమన్నారు. ఆ రాత్రంతా గమనించాను. తెల్లవారగానే సంచీ సర్దుకుని ఆటో ఎక్కాను. ధ్యానం చేయడం కూడా చేతకాని మనిషినన్న బాధ ఒకటి కొత్తగా తోడైంది. ధ్యానంలో కొందరికి పాత భయాలు తిరగబెట్టడం, నిద్ర పట్టకపోవడం, తన నుంచి తాను విడిపోయినట్టు అనిపించడం జరుగుతాయని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో వివరంగా ప్రచురించారు. ఆ సంగతి అప్పుడే తెలిసి ఉంటే నన్ను నేను అంతగా నిందించుకునేవాణ్ని కాదు.

కాబట్టి దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నలకు నిజం రాయండి. మందులు వాడుతుంటే డాక్టరును అడగకుండా వెళ్లకండి, శిబిరం కోసం మందులు ఆపకండి.

ఇంత కఠినం వద్దనుకునేవారికి రంగారెడ్డి జిల్లా నందిగామ మండలంలోని కన్హా శాంతివనం ఉంది. హార్ట్‌ఫుల్‌నెస్ సంస్థ ప్రధాన కేంద్రం అదే. లక్షమంది కూర్చోగల ధ్యానమందిరం 2020లో తెరుచుకుంది. హృదయం మీద ధ్యాస నిలిపే పద్ధతి, రుసుము లేదు. గురుపరంపర ఉన్న ఆధ్యాత్మిక మార్గం కనుక, ఆ వాసన కోరుకునేవారికి ఊరట, వద్దనుకునేవారికి ఇబ్బంది. చెట్ల మధ్య ఒక రోజు గడిపి వచ్చినా మేలే.

## ఎనిమిది వారాల కోర్సు

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్ జిన్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. బౌద్ధ సాధనలో నుంచి మతాన్ని పక్కన పెట్టి, తగ్గని నొప్పులతో బాధపడే రోగుల కోసం తయారుచేశారు. వారానికి ఒక తరగతి, రోజూ ఇంటి దగ్గర సాధన, మధ్యలో ఒక రోజంతా మౌనం. ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతుంది కనుక దూరం సమస్య లేదు.

పరిశోధన బలం ఎక్కువగా ఉన్నది దీనికే. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆందోళన జబ్బు ఉన్న 276 మందిలో కొందరికి ఈ కోర్సు, కొందరికి ఎస్సిటాలోప్రామ్ అనే మందు ఇచ్చి చూస్తే ఎనిమిది వారాల తర్వాత ఉపశమనం ఇంచుమించు ఒకేలా ఉంది. ఇది చదివి మందు మానేయవచ్చని అనుకోవద్దు. క్రమం తప్పని సాధన మందుతో తూగగలదని మాత్రమే అది చెబుతోంది. డిప్రెషన్ తగ్గి, మళ్లీ మళ్లీ తిరగబెట్టేవారి కోసం ఈ కోర్సు నుంచే పుట్టిన మరొక పద్ధతిని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు సిఫారసు చేస్తున్నాయి.

లోపం ఏమిటంటే రోజువారీ సాధన. ఇంటి పని, పిల్లలు, అత్తమామల మధ్య రోజూ ముప్పావుగంట దొరకని గృహిణికి ఈ కోర్సు ఇంకొక చేయని హోంవర్కుగా మిగులుతుంది. ఆమెకు నేను చెప్పేది ఉసిరికాయ. కోర్సు మొదటి తరగతిలో ఒక ఎండుద్రాక్షను చూసి, తాకి, వాసన చూసి, మెల్లగా నమిలి తినమంటారు. మన ఇంట్లో కార్తీకంలో ఉసిరి ఉంటుంది. మొదట వగరు, పులుపు, నమలగా నమలగా నీరు ఊరడం, తర్వాత మంచినీళ్లు తాగితే నాలుక మీద తీపి. ఐదు నిమిషాలు దాని మీదే మనసు పెడితే ఆ రోజుకు ఎరుక సాధన అయినట్టే.

## ముగ్గు, మట్టి, బొమ్మ

నన్ను నిలబెట్టింది ఇదే కనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

చేతులకు పని ఉన్నప్పుడు కళ్లు తెరిచే ఉంటాయి. శ్వాసను గమనించమంటే భయపడిన మనసు, వేళ్ల మధ్య జారే మట్టిని గమనించడానికి భయపడదు. ధ్యానంలో వెతికే ఏకాగ్రతే ఇక్కడ పక్కదారి నుంచి వస్తుంది. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మందికి మట్టి, రంగు పెన్నులు, అతికించే కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు ఏదైనా చేసుకోమంది. ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొలిస్తే నలుగురిలో ముగ్గురికి తగ్గింది. బొమ్మలు వేసిన అనుభవం ఉందా లేదా అన్నదానితో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చిన్న అధ్యయనమే. అయినా, నాకు గీత కూడా సరిగ్గా రాదండీ అని వెనక్కి తగ్గేవారికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

మట్టి నేర్పే చోట్లు ఇప్పుడు నగరంలో చాలా ఉన్నాయి. ముందు ఒకసారి చూద్దామనుకుంటే మాదాపూర్ శిల్పారామానికి వెళ్లి కుమ్మరి సారె దగ్గర కాసేపు నిలబడండి. మొదటి నెల సారె జోలికి వెళ్లకుండా చేతితో చేసే పని అడగండి. సారె మీద మట్టి మధ్యకు కుదరడానికే వారాలు పడుతుంది, పచ్చి మనసుకు ఆ ఓటమి బరువవుతుంది. చేతితో ఒత్తి చేసే గిన్నె మొదటి రోజే తయారవుతుంది. వంకరగా ఉంటుంది, ఉండనివ్వండి.

ఖర్చు వద్దనుకుంటే ముగ్గు ఉంది. చుక్కలు పెట్టి, చుక్క చుట్టూ గీత తిప్పే మెలికల ముగ్గు వేసి చూడండి. ఎత్తిన గీత మొదలైన చోటికే తిరిగి రావాలి. మధ్యలో మనసు ఎటో వెళ్తే గీత తప్పుతుంది, ముగ్గే మనల్ని వెనక్కి పిలుస్తుంది. సాయంత్రానికి కాళ్ల కింద చెరిగిపోతుంది కనుక బాగా రాలేదన్న బెంగ మిగలదు. అపార్ట్‌మెంటులో గుమ్మం ముందు జానెడు చోటులో సుద్దముక్కతో నేను వేశాను. మగవాడు ముగ్గు వేయడమేమిటని లిఫ్టు దగ్గర ఒకరిద్దరు చూశారు. మూడో వారానికి పక్క ఫ్లాటు పాప వచ్చి చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

కుటుంబమంతా ఒకే మనిషిని పోగొట్టుకున్నప్పుడు చేర్యాల పద్ధతి ఒకటి చేయండి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు అనే చిత్రకారులు వేసే పటాలు ఎర్రని నేల మీద గడులు గడులుగా కథ చెబుతాయి. కులపురాణాలు చెప్పే కథకులు ఆ పటాన్ని విప్పుతూ ఒక్కొక్క గడిని చూపిస్తూ పాడేవారు. పొడవైన కాగితపు చుట్ట తెచ్చి పోయినవారి జీవితాన్ని అలా గడులుగా విడదీసి, ఒక్కొక్కరు ఒక్కొక్క గడి వేయండి. మా ఇంట్లో నాన్న సైకిలు గడి అన్నయ్య వేశాడు. ఆయన పెసరట్టు తిరగేసే గడి అమ్మ వేసింది, అంతవరకు ఆమె పెన్సిలు పట్టగా మేమెవరం చూడలేదు. ఆసుపత్రి గడి ఎవరూ వేయలేదు. ఖాళీగా వదిలి, ఎర్ర రంగు మాత్రం పూశాం.

ఈ దారి లోపం కూడా చెప్పాలి. చేతిపని బాధను మోయగలిగేలా చేస్తుంది, దాని మూలాన్ని వెతకదు. చిన్ననాటి దెబ్బలు, ఇంట్లో హింస వంటివి ఉన్నవారు ఇక్కడే ఆగిపోతే ఏళ్లు గడిచినా లోపలిది లోపలే ఉంటుంది.

## రాత

1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త విద్యార్థులను వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమను బాగా గాయపరచిన సంఘటన గురించి రాయమన్నాడు. రాసిన వెంటనే వారి మనసు ఇంకా కుంగింది. తర్వాతి నెలల్లో మాత్రం వారు వైద్యశాలకు వెళ్లడం తగ్గింది. ఎక్కువ మేలు పొందింది జరిగినదాన్నీ, దాని గురించి తమకు కలిగినదాన్నీ రెండూ రాసినవారు. అంటే రాసిన సాయంత్రం దిగులుగా ఉంటే పద్ధతి పనిచేయలేదని అనుకోకూడదు. ఆ సాయంత్రానికి ఒక తోడు ఏర్పాటు చేసుకుని రాయండి. రాత్రి పడుకునే ముందు రాయకండి.

అమ్జద్ హైదరాబాదీ సంగతి ఈ నగరంలో ఉన్నవారందరికీ తెలియాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆయన కళ్లెదుటే తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఆయన ఒక్కడే మిగిలాడు. ఆ మనిషే తర్వాత ఉర్దూ రుబాయీలకు పేరుపడ్డ కవి అయ్యాడు. రుబాయీ అంటే నాలుగు పాదాలే. అంత పెద్ద దుఃఖానికి అంత చిన్న పాత్ర ఎందుకు ఎంచుకున్నాడో నాకు రాయడం మొదలుపెట్టాక కొంత అర్థమైంది. పేజీల కొద్దీ రాస్తే మునిగిపోతాం. నాలుగు పంక్తులకు గట్టు ఉంటుంది. డైరీ రాయలేనివారు రోజుకు నాలుగు పంక్తులు రాసి చూడండి.

## ఆర్ట్ థెరపిస్టు

ఆర్ట్ థెరపీ అనే మాటను 1942లో ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు వాడుకలోకి తెచ్చాడు. క్షయతో శానిటోరియంలో మంచం మీద ఉన్నప్పుడు బొమ్మలు వేసుకుంటూ తాను తేరుకుని, పక్క మంచాలవారికీ నేర్పాడు.

బొమ్మల క్లాసుకూ దీనికీ తేడా గుర్తుపట్టడం తేలిక. క్లాసులో గురువు గీతను సరిదిద్దుతారు. థెరపిస్టు గీతను సరిదిద్దరు. ఇంటికి తలుపు ఎందుకు లేదు అని అడిగి, మీరు జవాబు చెప్పేదాకా ఆగుతారు. మాట రానివారికి, పిల్లలకు, లోతైన పాత గాయాలవారికి నా ఓటు దీనికే. డబ్బు ఎక్కువవుతుంది. ఇంకొక చిక్కు, రెండు రోజుల వర్క్‌షాపు చేసి థెరపిస్టునని బోర్డు పెట్టుకునేవారూ ఉన్నారు. ఎక్కడ చదివారు, ఎంతకాలం పర్యవేక్షణలో పనిచేశారు అని అడగండి. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకుంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ నమోదు సంఖ్య అడగండి. సరైనవారు అడిగినందుకు నొచ్చుకోరు.

## పాట, పూలు, గోడ: నలుగురి దారి

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పాట క్లాసులను, చేతిపనులు, రచన నేర్పే క్లాసులతో ఏడు నెలల పాటు పోల్చారు. చివరికి అన్ని క్లాసులవారూ దగ్గరయ్యారు. పాడినవారు మాత్రం మొదటి వారాల్లోనే దగ్గరయ్యారు. ఒంటరితనమే అసలు జబ్బు అయినవారికి, ముఖ్యంగా పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడ మూడు పడకగదుల ఇంట్లో మిగిలిపోయిన పెద్దలకు, ఈ ఒక్క కారణం చాలు. కాలనీ గుడిలో వారానికోసారి భజన ఉంటే వెళ్లి వెనక వరుసలో కూర్చోండి. భక్తి లేనివారు లలితగీతాల బృందం చూసుకోండి.

పాటలో కోపానికి కూడా చోటుంది. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానా చూసే ఉంటారు. గోడ మీది బొమ్మలు ఆయన చెక్కినవేనని చెబుతారు. ఆయన కీర్తనల్లో వేడుకోలు ఎంత ఉందో నిష్ఠూరం అంత ఉంది. తాను చేయించిన నగల లెక్క చెప్పి రాముణ్ని నిలదీస్తాడు, వెంటనే దెబ్బలకు ఓర్వలేక తిట్టానని క్షమించమంటాడు. దేవుడి మీద కోపంగా ఉన్న మనిషికి మౌనంగా కూర్చోవడం కంటే ఆ కీర్తనలు గొంతెత్తి పాడటం మేలు.

బతుకమ్మ గురించి చెప్పకపోతే ఈ పోలికే దండగ. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు వరుసలు వరుసలుగా పేర్చడం చేతిపని. చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ ఉయ్యాల పాటలు పాడటం నలుగురి శ్వాసనూ ఒకటి చేస్తుంది. అత్తింటి కష్టాలు, పుట్టింటి బెంగ, చనిపోయిన ఆడబిడ్డల కథలు ఆ పాటల్లో ఉన్నాయి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పూలు పేర్చరు. పండుగలోనే అలకకు ఒక రోజు కేటాయించిన ఆ పెద్దలకు మనసు సంగతి బాగా తెలుసు. చివరికి ఇంత శ్రమపడి చేసినదాన్ని నీళ్లలో వదిలి రావాలి.

అయితే మన ఇళ్లలో ఒక చిక్కుంది. మనిషి పోయిన ఏడాది పండుగ చేయరు. బాధ ఎక్కువగా ఉన్నప్పుడే ఈ మందు దూరమవుతుంది. మా వదిన దీనికి దారి కనిపెట్టింది. ఆ ఏడాది మా ఇంట్లో బతుకమ్మ పేర్చలేదు. పక్కింటివారి కోసం గునుగు కాడలు సమంగా కోసి, చివర్లు రంగునీళ్లలో ముంచి ఆరబెట్టే పని మాత్రం ఆమె నాకు అప్పజెప్పింది. సాయంత్రం చెరువు గట్టు మీద దూరంగా నిలబడి, నేను ముంచిన రంగులు నీళ్లలో తేలుతూ వెళ్లడం చూశాను. నాన్నను సాగనంపినట్టు నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే. ఆచారాన్ని కాదనలేనివారు ఇలా అంచున నిలబడే పని ఒకటి అడిగి తీసుకోండి.

బస్తీ మొత్తానికి దెబ్బ తగిలినప్పుడు గోడ బొమ్మలు, వీధి నాటకం పనికొస్తాయి. ఖైరతాబాద్ దగ్గర మక్తాలో 2016 నుంచి ఇళ్ల గోడల మీద కళాకారులు వేసిన పెద్ద బొమ్మలు చూడదగ్గవి, ఆ వీధులకు కొత్త కళ తెచ్చాయి. మాన్పడం ఉద్దేశమైతే నేను ఇంకొక అడుగు కోరతాను: కుంచె ఆ ఇంటివాళ్ల చేతిలో కూడా ఉండాలి. గీత వంకరపోయినా సరే, మునిగిన నీటి మట్టం ఎక్కడి దాకా వచ్చిందో వాళ్లే గోడ మీద గీయాలి. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు 1908 వరదలో నూట యాభై మందిని కాపాడిందని చెబుతారు. కొన్నేళ్లుగా సెప్టెంబరు 28న కొందరు దాని కింద కలుసుకుని ఆ రోజును తలుచుకుంటున్నారు. శతాబ్దం దాటిన బాధకు కూడా ఒక చోటు, ఒక తేదీ కావాలి.

## ఎవరికి ఏది

ఇటీవలే దగ్గరివారిని పోగొట్టుకున్నవారు మొదటి కొన్ని నెలలు చేతిపని, వీలైతే నలుగురి మధ్య ఒక చిన్న పని. ఆ తర్వాత రాత. ఏడాది తర్వాత, నిద్ర కుదిరాక, మౌన శిబిరం. నేను ఇప్పుడు మళ్లీ వెళ్తే కూర్చోగలనని అనిపిస్తోంది.

ఉద్యోగ ఒత్తిడితో, ఆందోళనతో ఉన్నవారికి ఎనిమిది వారాల కోర్సు. వారాంతంలో తెల్లవారుజామునే కేబీఆర్ పార్కులో ఫోను లేకుండా ఒక చుట్టు నడిస్తే అదీ సాధనే.

ఇంటర్ చదివే పిల్లల విషయంలో తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఏకాగ్రత పెరుగుతుంది, ర్యాంకు వస్తుంది అని చెప్పి ధ్యానానికి పంపకండి. అది వాళ్లకు ఇంకొక పరీక్ష అవుతుంది. ఆదివారం ఒక గంట మట్టి, రంగులు ఇచ్చి, చేసినదాన్ని ఎవరికీ చూపించమని అడగకుండా ఉండండి. పిల్లవాడు మాట తగ్గించి, తిండి తగ్గించి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా నిపుణుల దగ్గరకు వెళ్లండి.

మంచం పట్టిన తల్లినో తండ్రినో చూసుకుంటున్నవారు ఇల్లు వదిలి వెళ్లలేరు. వారికి గుమ్మం ముందు ముగ్గు, రోజుకు నాలుగు పంక్తులు. తోడబుట్టినవాళ్లు వారానికి మూడు గంటలు వచ్చి కూర్చుంటే, ఆ మూడు గంటలు పాట బృందానికి.

పాత, లోతైన గాయాలున్నవారు నేరుగా థెరపిస్టుతోనే మొదలుపెట్టాలి. మిగతావన్నీ వారితో మాట్లాడాకే.

## చేరే ముందు ఫోనులో అడగవలసినవి

మొదటి రోజు ఏం చేయిస్తారు? కళ్లు తెరిచి కూర్చోవచ్చా? నేను చేసినది, చెప్పినది బయటకు వెళ్లదు కదా, ఫోటోలు తీస్తారా? నాకు ఒంట్లో బాగోలేకపోతే పక్కన ఎవరుంటారు? ఈ నాలుగింటికీ విసుక్కోకుండా జవాబు చెప్పే చోటే చేరండి.

ఐదోది, మధ్యలో లేచి వెళ్లిపోవాలనిపిస్తే ఏం చేయాలి? శిబిరం నుంచి వచ్చేసిన తర్వాత ఎక్కడ చేరాలన్నా ముందు ఇదే అడిగేవాణ్ని. మట్టి నేర్పే ఆవిడను అడిగినప్పుడు ఆవిడ చేతులు కడుక్కుంటూనే, "తలుపు తీసే ఉంటుందండీ. వెళ్లేటప్పుడు మీ ముద్ద మీద తడిగుడ్డ కప్పి వెళ్లండి. మళ్లీ వచ్చేసరికి మెత్తగానే ఉంటుంది" అన్నారు. ఆ రోజే డబ్బు కట్టాను.